విరిచేసిన మూడో పిన్ను

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గాని, ఎక్కడైనా సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు తప్ప అది ఆయనకే గుర్తుకు రాదు. ఊళ్లో అందరికీ ఆయన గుయ్యి డాక్టరు. పాటల సెట్టు ఆన్ చేయగానే పాటకన్నా ముందు మొదలై, పాట కిందే నక్కి, పాట అయిపోయాక కూడా పోకుండా 'గుయ్‌ఁ'మని ఒక రొద వస్తుందే, సీసాలో పడ్డ తుమ్మెదలాగా, దాన్ని వదిలించడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. రేడియోలు, టేప్ రికార్డర్లు, యాంప్లిఫైర్లు అన్నీ బాగుచేసేవాడు. కానీ జనం ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేది మాత్రం ఆ గుయ్యి కోసమే.

తమాషా ఏమిటంటే, ఆ గుయ్యి ఆయనకే సరిగా వినపడదు. వయసులో ఉన్నప్పుడు సభలకూ ఊరేగింపులకూ పెద్ద పెద్ద లౌడ్‌స్పీకర్లు కట్టి, వాటి పక్కనే ఏళ్ల తరబడి నిలబడ్డాడు. పలచటి శబ్దాలు, మంద్రంగా వచ్చే శబ్దాలు చెవులకు అందడం మానేశాయి. అందుకని ఎక్కడికి పనికి వెళ్లినా భార్యను వెంటబెట్టుకుని వెళ్లేవాడు. ఆవిడ ఒక కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్లు మూసుకుని, చెవులు రిక్కించి చెప్పేది. "ఉంది." "ఇంకా ఉంది." "తగ్గింది గాని పోలేదు." "పోయింది." ఆవిడ ఉద్యోగమంతా ఆ నాలుగు ముక్కల్లోనే.

"ఇంతకీ మీ ఇద్దరిలో డాక్టరెవరండీ?" అని ఎవరైనా మేలమాడితే, "డాక్టరు ఆయనే. నేను ఆయన చెవిలో పెట్టుకునే గొట్టాన్ని" అనేది.

ఎవరింటికి వెళ్లినా, వాళ్లు అడిగినా అడగకపోయినా, రోగం ఎందుకొచ్చిందో ఆయన ఓపిగ్గా చెప్పేవాడు. "సెట్టుకు ఒక్కచోట ఎర్త్ ఉంటే మంచిదేనమ్మా. రెండుచోట్ల దొరికిందనుకో, ఇటునుంచి వచ్చి అటునుంచి పోతూ కరెంటు గుండ్రంగా తిరగడం మొదలెడుతుంది, గానుగెద్దులాగా. ఆ ఎద్దు అడుగుల చప్పుడే ఈ గుయ్యి. ఎద్దు తిరిగే దారిని ఎక్కడో ఒకచోట తెంపాలి." తర్వాత తీగలన్నీ పీకేసి ఒక్కొక్కటే మళ్లీ తగిలించేవాడు. ప్రతి తీగ తర్వాతా భార్య ముఖం చూసేవాడు. చెయ్యి స్విచ్చి మీద వేసే ముందు, "తండ్రీ, నీదే భారం" అని పెదవి కదిపేవాడు. అది వినపడకపోయినా ఆవిడకు తెలిసేది. తనూ మనసులో అనుకునేది.

ఆ దారిని తెంపడానికి చాలా పద్ధతులున్నాయి. అన్నిటికన్నా సులువైనది, ప్లగ్గుకు పైన ఉండే లావుపాటి మూడో పిన్నును విరిచేయడం. ఎర్త్ తీగ వచ్చేది దానికే. అది పోతే ఎద్దూ లేదు, గానుగా లేదు, గుయ్యి చటుక్కున ఆగిపోతుంది. కానీ రేపెప్పుడైనా సెట్టు లోపల తీగ పుచ్చి ఇనప డబ్బాకు తగిలితే, ఆ కరెంటు నేలలోకి పోయే దారి ఉండదు. ముట్టుకున్న మనిషిలోంచి పోతుంది. గుయ్యి డాక్టరు తమ్ముడు పాటలు పాడేవాడు. ఒక సాయంత్రం వేదిక మీద, ఎవరో ఇలాగే పిన్ను విరిచి కట్టిన సెట్టు తాలూకు మైకును పట్టుకుని, పల్లవి సగంలో ఆగిపోయాడు. ముందు వరసలోవాళ్లు అది పాటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారట. ఆ తర్వాత గుయ్యి డాక్టరు ఏ ఇంట్లోనూ మూడో పిన్ను జోలికి పోలేదు. ఎవరైనా విరిచింది కనపడితే కొత్త ప్లగ్గు బిగించందే గుమ్మం దాటేవాడు కాడు.

టైలరమ్మ ఇంటి నుంచి కబురొచ్చింది అలాంటి మనిషికి.

టైలరమ్మది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, బట్టల మూటలు, ఒక పాత టీవీ. లోపలి గదిలో మంచం మీద భర్త. మిల్లులో మోటార్లు చూసుకునే పనిలో ఉండేవాడు. పక్షవాతం వచ్చి కుడి పక్కంతా చచ్చుబడిపోయింది. మాట కూడా పోయింది. ఎందుకో 'ఆపు' అనే ఒక్క మాట మాత్రం మిగిలింది. ఆకలేసినా ఆపు, దాహమేసినా ఆపు. ఏ ఆపుకు ఏమిటర్థమో ఆవిడకు మాత్రమే తెలిసేది.

అతనికి మిగిలిన సుఖమల్లా పాటలు. బాగున్న రోజుల్లో మిల్లులో పారేసిన పెట్టెల చెక్కతో రెండు స్పీకరు డబ్బాలు తనే చేసుకున్నాడు. మూతపడిన ఒక సభా మందిరం నుంచి బరువైన ఇనప డబ్బా యాంప్లిఫైరు కొనుక్కున్నాడు. టీవీకి గొంతు పోయి చాలా ఏళ్లయింది. బొమ్మ దానిది, గొంతు ఈ సెట్టుది. కేబుల్‌లో పాత పాటలు వచ్చే చానలు పెట్టి, తీగ లోపలి గదిలోకి లాగి, స్పీకరును మంచానికి ఆనించి పెట్టేది టైలరమ్మ. అతను ఎడమ చేతిని ఆ డబ్బా మీద పెట్టుకునేవాడు. పాట చేతిలోకి పాకేది. కాసేపటికి ముఖంలోని ముడులన్నీ విడిపోయేవి. ఆవిడ అవతలి గదిలో నిశ్చింతగా మిషను తొక్కుకునేది.

ఆ రోజు గుయ్యి డాక్టరు దంపతులు గడపలో అడుగు పెట్టగానే, నోట్లో దారం పోగు పెట్టుకునే నవ్వింది టైలరమ్మ.

"రా అన్నయ్యా! వదినా, నువ్వు ఈ కుర్చీలో కూర్చో, అది కాలు ఊగుతుంది. పెద్ద జబ్బేం కాదు అన్నయ్యా, గొంతు పెంచే బిళ్ల తిప్పితే గరగరమంటోంది. మిగతాదంతా బంగారం."

"బావగారేరీ?"

"ఎక్కడికి పోతాడు, లోపల రాజుగారిలా పడుకున్నాడు. పలకరించు, 'ఆపు' అంటాడు. కోపమనుకునేవు, అది రమ్మని."

లోపలికి వెళ్లి పలకరించారు. అతను "ఆపు" అన్నాడు. కళ్లు నవ్వాయి. గుయ్యి డాక్టరు భార్య అతని దుప్పటి అంచు సరిచేసి కాళ్ల మీదికి లాగింది.

యాంప్లిఫైరు మంచం పక్కన స్టూలు మీద ఉంది. బిళ్లలోని దుమ్ము తుడవడం ఎంతసేపు పని! అది అయిపోయి ప్లగ్గు మళ్లీ పెట్టబోతూ ఆయన ఆగిపోయాడు. మూడో పిన్ను లేదు. పటకారుతో విరిచిన మొండి మాత్రం ఉంది.

"ఇది ఎవరు విరిచారు తల్లీ?"

"ఇంకెవరు, మీ తోడల్లుడుగారే. ఎంత పుణ్యం కట్టుకున్నాడో!"

విషయమంతా అప్పుడు చెప్పింది. పక్క వాటా వాళ్ల ఇంట్లో ఎవరికో షాకు కొడితే, ఇంటి యజమాని భయపడి ఇల్లంతటికీ కొత్తగా ఎర్త్ వేయించాడు. మంచి పనే. కానీ మర్నాటి నుంచే సెట్టు గుయ్యిమనడం మొదలెట్టింది. ఆ గుయ్యి వినగానే లోపలి మనిషి "ఆపు, ఆపు" అని అరుస్తూ మంచం మీంచి పడిపోయాడు. మిల్లులో మోటారు కాలిపోయే ముందు సరిగ్గా అలాగే గుయ్యిమనేదట. ఆ చప్పుడు వినగానే పరిగెత్తుకుంటూ వెళ్లి స్విచ్చి కట్టేయడం అతని ఉద్యోగం. ఇప్పుడూ అదే చేయబోయాడు. నుదురు చిట్లింది. ఎర్త్ వేసిన ఎలక్ట్రీషియను, అంటే గుయ్యి డాక్టరు తోడల్లుడు, వచ్చి చూసి ఒక్క క్షణంలో పిన్ను విరిచేశాడు. గుయ్యి పోయింది. ఇంట్లో శాంతి వచ్చింది.

గుయ్యి డాక్టరు ప్లగ్గును అలాగే పెట్టి, టెస్టరు మొనను ఇనప డబ్బాకు తాకించాడు. టెస్టరులో ఎర్రటి దీపం వెలిగింది. వేలి వెనుక భాగంతో డబ్బాను తాకితే చీమలు పాకినట్టు జిల్లుమంది.

"అమ్మా, నువ్వు ఈ డబ్బా తుడిచేటప్పుడు జిల్లుమంటుందా?"

"కొద్దిగా అంటుంది. ఇన్నాళ్లూ కొట్టలేదుగా అన్నయ్యా?"

"కొట్టే రోజు దాకా కొట్టదమ్మా."

టైలరమ్మ నవ్వు తగ్గింది. ఆయన సంచిలోంచి మూడు పిన్నుల ప్లగ్గు తీసి బిగించాడు. "తండ్రీ, నీదే భారం" అని స్విచ్చి వేశాడు.

"ఉంది" అంది భార్య, కళ్లు తెరవకుండానే.

ఆవిడ చెప్పనవసరం లేకపోయింది. మంచం మీది మనిషి కళ్లు పెద్దవయ్యాయి. ఎడమ చెయ్యి మంచం పట్టీని పట్టుకుంది. "ఆపు! ఆపు!" అంటూ సగం శరీరాన్ని మిగతా సగం మీంచి ఈడ్చుకుంటూ లేవబోయాడు. గుయ్యి డాక్టరు ఒక చేత్తో స్విచ్చి కట్టేస్తూ ఇంకో చేత్తో అతన్ని పొదివి పట్టుకోకపోతే మళ్లీ పడిపోయేవాడే. "కట్టేశాం బావగారూ, మోటారు కట్టేశాం. ఏమీ కాలేదు. అందరూ క్షేమం" అన్నాడు చెవి దగ్గర. అంత మాట ఎవరూ నేర్పలేదు, దేవుడే నోటికి అందించాడు. అతను నెమ్మదించాడు.

టీవీ వెనకాల కేబులు పీకి చూశారు. గుయ్యి లేదు. పాటా లేదు. రెండో ఎర్త్ ఆ కేబులు తీగ వెంబడే వస్తోందని తేలిపోయింది. మధ్యలో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెడితే పాటను మాత్రం దాటనిచ్చి, ఎర్త్‌ను దాటనివ్వదు. కానీ అది చేత్తో చుట్టాలి. పైగా డబ్బా జిల్లుమంటోంది. లోపల నిజంగా తీగ పుచ్చిందో, ఊరికే జిల్లుమంటోందో మెగ్గరు అనే మీటరు పెట్టి చూస్తే గాని తెలియదు. ఆ మెగ్గరు తోడల్లుడు అరువు తీసుకుని వెళ్లాడు.

"సెట్టు నేను తీసుకెళ్తానమ్మా. రెండ్రోజుల్లో తెచ్చిస్తాను."

"ఇవాళ్టికి వదిలెయ్యి అన్నయ్యా. పాత ప్లగ్గే పెట్టు. నేను ముట్టుకోను. ఆయన మంచం దిగలేడు, ఆయనేం ముట్టుకుంటాడు?"

ఆయన స్టూలు వైపు చూశాడు. స్పీకరు మీద పెట్టుకునే చెయ్యి కాస్త జారితే ఆ ఇనప డబ్బా మీదే పడుతుంది.

"వద్దు తల్లీ. నాకు మనసొప్పదు."

టైలరమ్మే సెట్టు మూట కట్టడానికి పూనుకుంది. పాత దుప్పటి తెచ్చి పరిచింది. బిళ్లలు విరక్కుండా గుడ్డ పీలికలు చుట్టింది. మూట కట్టి ముడి తనే వేసింది. దారిలో బరువవుతుందని భుజం మీద వేసుకోవడానికి చుట్టకుదురు కూడా చేసిచ్చింది. సాయంత్రం గుయ్యి డాక్టరు తన సొంత బ్యాటరీ రేడియో తీసుకొచ్చి ఆ స్టూలు మీద పెట్టాడు. మంచం మీది మనిషి దాని వంక చూడలేదు. ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

తోడల్లుడి ఇంటికి వెళ్తే అతను లేడు, ఏదో దూరపు పని మీద వెళ్లాడు. మెగ్గరు అతనితోనే వెళ్లింది. వచ్చేలోగా గుయ్యి డాక్టరు ట్రాన్స్‌ఫార్మరు చుట్టడానికి కూర్చున్నాడు. వెంట్రుకంత సన్నటి తీగ. ఒక్క చుట్టు జారినా మళ్లీ మొదటికొస్తుంది. భార్య ఎదురుగా కూర్చుని తీగ ఉండను వేళ్ల మధ్య తిప్పుతూ వదిలేది.

"ఇదే పిల్లలకు స్వెట్టరు అల్లినా ఈపాటికి అయిపోయేది" అంది.

"స్వెట్టరు పాడదే!"

నవ్వుకున్నారు. అదే ఆ వారంలో వాళ్లు నవ్విన నవ్వు.

టైలరమ్మ ఒకసారి షాపుకు వచ్చింది. లోపలికి రాకుండా మెట్టు మీదే నిలబడింది.

"అయిందా అన్నయ్యా?"

"మెగ్గరు రావాలమ్మా. మా తోడల్లుడు ఇవాళో రేపో వస్తాడు."

"ఆయన చెయ్యి స్టూలు మీద తడుముతోంది. రేడియో తగిలితే తోసేస్తున్నాడు. ముద్ద దిగడం లేదు."

"కాస్త ఓపిక పట్టు తల్లీ."

"నాదేముంది, నేను పడతాను. ఆయనకు ఎలా చెప్పను, ఓపిక పట్టమని?" కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

తోడల్లుడు మర్నాడు సాయంత్రం వచ్చాడు. మెగ్గరు బల్ల మీద పెడుతూనే మొదలుపెట్టాడు. "ఏం అన్నయ్యా, నేను చక్కగా నిద్రపుచ్చిన గుయ్యిని మళ్లీ లేపావటగా! గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం నీకు పుట్టుకతో వచ్చింది."

"నువ్వు గోటితో గిల్లింది పిన్నును కాదురా, మనిషి ప్రాణాన్ని."

"ఎవరి ప్రాణం? ఇన్నాళ్లూ హాయిగా పాటలు విన్నాడు కదా!"

"ఇంక చాలు" అంది గుయ్యి డాక్టరు భార్య. "ఇద్దరూ ఆ డబ్బా సంగతి చూడండి. మాటలతో దాని జబ్బు తెలియదు."

మెగ్గరు తిప్పారు. ముల్లు చివరిదాకా వెళ్లి నిలబడింది. ఆయన నమ్మలేక మళ్లీ తిప్పాడు. తీగలు మార్చి తిప్పాడు. సెట్టు లోపల ఏ దోషమూ లేదు. తీగ పుచ్చలేదు, దేనికీ తగల్లేదు. ఆ జిల్లు, ఎర్త్ లేని ఏ ఇనప డబ్బా అయినా ఇచ్చే మామూలు జిల్లే. చీమ కుట్టినంత. అంతకుమించి ఏమీ కాదు.

ఆయన ముఖం దీపంలా వెలిగింది. "సెట్టు మంచిదే! దేవుడి దయ! మంచిదేనే!" అని భార్య భుజం పట్టుకుని ఊపాడు.

"నేనేం చెప్పాను" అన్నాడు తోడల్లుడు. "పట్టుకెళ్లి ఇచ్చెయ్. ఆ బుల్లి ట్రాన్స్‌ఫార్మరు తర్వాత పెట్టుకో. అందాకా పాత ప్లగ్గుతో నడుస్తుంది."

"అవునండీ, ఇప్పుడే ఇచ్చేద్దాం పదండి" అంది భార్య.

గుయ్యి డాక్టరు తలుపు వైపు చూశాడు. వెలుతురు ఇంకా ఉంది. టైలరమ్మ ఇల్లు దగ్గరే. బల్ల మీద ట్రాన్స్‌ఫార్మరు వార్నిష్ పూసుకుని మెరుస్తోంది. వేలితో తాకితే వేలికి అంటుకుంది.

"వార్నిష్ ఆరాలి. ఇవాళ మంచిదే, రేపటి సంగతి ఎవరికి తెలుసు? ఎర్త్ లేకుండా నా చేత్తో నేను పెట్టను. పొద్దున్నే వెళ్దాం. ఒక్క పూటేగా!"

తోడల్లుడు భుజాలెగరేశాడు.

పొద్దున్నే బయల్దేరారు. ఆయన భుజం మీద మూట, ఆవిడ చేతిలో ట్రాన్స్‌ఫార్మరు ఉన్న చిన్న సంచి. ఆయన నడుస్తూ నడుస్తూ, ఏ చానలు పెట్టాలో, స్పీకరును ఏ పక్కకు జరపాలో చెబుతూనే ఉన్నాడు. సందు మలుపు తిరిగాక భార్య ఆగిపోయింది. ఆయన నాలుగు అడుగులు వేశాక గాని ఆ సంగతి గమనించలేదు.

టైలరమ్మ గుమ్మం బయట చెప్పులున్నాయి. చాలా ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి.

తెల్లారేసరికి అతనికి మళ్లీ పక్షవాతం వచ్చిందట. ఆసుపత్రికి బండి పిలిచేలోపే అయిపోయింది. పక్క వాటా ఆవిడ టైలరమ్మను పట్టుకుని కూర్చుంది. ఇంటి యజమాని, ఎప్పుడూ చిరాకుగా ఉండే మనిషి, వచ్చినవాళ్లకు తనే నీళ్లు అందిస్తున్నాడు. ఎదురింటి ముసలాయన కుట్టుమిషను మీద సగం కుట్టిన బట్టలను మడతపెట్టి పక్కన పెడుతున్నాడు, ఎవరైనా తొక్కుతారేమోనని. లోకంలో దయ లేకపోలేదు. అది ఉన్నచోట కూడా మనిషి పోతూనే ఉంటాడు.

గుయ్యి డాక్టరు మూటను ఎక్కడ దించాలో తెలియక అలాగే భుజాన వేసుకుని నిలబడ్డాడు. ఎవరో, "ఇప్పుడెందుకండీ అది?" అన్నారు. టైలరమ్మ తలెత్తి చూసింది. "వచ్చావా అన్నయ్యా?" అంది. అంతకన్నా ఒక్క మాట ఎక్కువన్నా ఆయన ఓర్చుకునేవాడేమో.

దినాలు గడిచాయి. సెట్టు షాపులో బల్ల కిందే ఉండిపోయింది. ఆయన ఇతరుల పనులు చేస్తూనే ఉన్నాడు గాని ఎవరికీ గానుగెద్దు కథ చెప్పడం లేదు. తోడల్లుడు ఒకసారి వచ్చి కూర్చున్నాడు. అతను చెడ్డవాడు కాదు. పాడెకు భుజం పట్టిన నలుగురిలో అతనూ ఒకడు. లేచి వెళ్తూ వెళ్తూ, "నేనేం అనడంలేదు అన్నయ్యా. నాలాగా వదిలేసి ఉంటే ఆ నాలుగు రోజులూ పాట వింటూ పోయేవాడు. అంతే" అన్నాడు. ఎగతాళి లేదు గొంతులో. అందుకే ఆ మాట లోపలికంటా దిగింది.

అతను వెళ్లాక గుయ్యి డాక్టరు భార్యతో అన్నాడు. "ఆ అమ్మాయి మనసులో ఇదే తిరుగుతూ ఉంటుంది. చివర్లో పాట కూడా దక్కనివ్వలేదే అని. నేను వెళ్లి చెప్తాను, సెట్టు లోపలంతా పుచ్చిపోయిందని, ముట్టుకుంటే అక్కడికక్కడే పోయేవాళ్లని. తీసుకెళ్లడం మంచిదయింది అనుకుంటుంది. మనసు కుదుటపడుతుంది."

"మీకు అబద్ధం చెప్పడం ఎప్పుడొచ్చు?"

"నేర్చుకుంటాను. దేవుడు క్షమిస్తాడు. ఇది ఆవిడ కోసం."

ఆవిడ ఆలోచించింది. "ఆవిడ కోసమే అయితే చెప్పండి" అంది. "మన కోసమైతే మాత్రం వద్దు."

సెట్టు తీసుకుని వెళ్లారు. టైలరమ్మ మిషను మీద ఏదో కుడుతోంది. చిక్కిపోయింది. లేచి కుర్చీలు వేసింది. లోపలి గదిలో మంచం తీసేశారు. స్పీకరు డబ్బాలు గోడవార ఉన్నాయి. వద్దంటుందేమో అనుకున్నారు, వద్దనలేదు. ఆయన సెట్టును స్టూలు మీద పెట్టి, మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి, మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు బిగించి, కేబులు తగిలించాడు. పాట వచ్చింది. కడిగిన గాజులా, ఏ మరకా లేకుండా వచ్చింది. ఆ పాట అయిపోయింది, ఇంకోటి మొదలైంది. టైలరమ్మే లేచి స్విచ్చి కట్టేసింది.

"ఒక్క మాట అడుగుతాను అన్నయ్యా. డబ్బాలో నిజంగానే కరెంటు ఉందా? ముట్టుకుంటే పోయేవాళ్లమా?"

ఆయన దారి పొడుగునా ఆ మాటను నోట్లో సిద్ధంగా పెట్టుకునే వచ్చాడు. నోరు తెరిచాడు. ఆవిడ ఆయన ముఖంలోకే చూస్తోంది. కట్టుకున్నవాడి ఒక్క మాటలో వంద అర్థాలు చదువుకున్న ఆడది. ఆ కళ్ల ముందు ఆయన నోట్లోని మాట ఎండిపోయింది.

"లేదమ్మా. సెట్టు మంచిదే. ఏం దోషం లేదు."

"ఎప్పుడు తెలిసింది?"

భార్య ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆయన ఆగలేదు. "ముందు రోజు సాయంత్రం."

"ముందు రోజు సాయంత్రమా?" గొంతు పెరగలేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అడిగింది. "మరి ఆ సాయంత్రమే తేలేదేం? ఇంకా ఉన్నాడుగా, చెయ్యి తడుముతూనే ఉన్నాడుగా!"

"వార్నిష్ ఆరలేదమ్మా."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. టైలరమ్మ ఒళ్లో ఉన్న బట్ట మీది దారపు ముక్కలను ఒక్కొక్కటే ఏరి అరచేతిలో పెట్టుకుంది. అన్నీ ఏరాక అంది.

"అవునని చెప్పేస్తే ఏం పోయేది? ఉంది, కొట్టేది, అనేస్తే సరిపోయేదిగా?"

"అలా చెప్పాలనే వచ్చానమ్మా."

ఆవిడ తలూపింది. కోపమో, జాలో, ఏదీ తేల్చుకోలేని తల ఊపు. లేచి దారపు ముక్కలు కిటికీలోంచి పారేసి, లోపలికి వెళ్లి రెండు గ్లాసులతో మంచినీళ్లు తెచ్చింది. ఎండన పడి వచ్చిన మనుషులు, ఊరికే పంపలేదు. మొదటి గ్లాసు గుయ్యి డాక్టరు భార్యకు ఇచ్చి, "తాగు వదినా" అంది. రెండోది ఆయన చేతికి ఇవ్వకుండా పక్కనున్న బల్ల మీద పెట్టింది.

"తీసుకోండి మేస్త్రిగారూ" అని, మిషను దగ్గరికి వెళ్లి కూర్చుంది.